కంటైనర్‌ను రైల్లో పోర్టుకు పంపడం, పోర్టు నుంచి తెచ్చుకోవడం ఎలా?

రైల్లో సరుకు పంపేటప్పుడు పట్టాల మీద వచ్చే ఇబ్బందులు తక్కువ. ఇబ్బందంతా పెట్టె (కంటైనర్) చేతులు మారే చోట్లే: ఫ్యాక్టరీ నుంచి లోతట్టు టెర్మినల్‌కి (పోర్టుకు దూరంగా, పెట్టెలను రైలెక్కించే యార్డు), అక్కడి నుంచి వ్యాగన్ మీదికి, వ్యాగన్ నుంచి పోర్టు యార్డుకి, యార్డు నుంచి ఓడలోకి. లారీ అయితే గేటు దగ్గర ఒక కాగితం తక్కువైనా డ్రైవర్ పక్కకు తీసి ఆపుకుంటాడు. రైలు ఆగదు. మీ పెట్టెను కిందే వదిలేసి మిగతావాటితో వెళ్లిపోతుంది.

ముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

రైలు గిట్టుబాటవుతుందా అన్నది దూరం ఒక్కటే తేల్చదు. రైల్లో పంపితే అదనంగా ఎత్తడం, దించడం ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి టెర్మినల్ దాకా లారీ ఎలాగూ కావాలి. దూరం ఎంతైనా ఈ ఖర్చు మారదు. అందుకే దగ్గరి ప్రయాణాలకు లారీయే నయం. దూరం, బరువు, పెట్టెల సంఖ్య పెరిగేకొద్దీ మొగ్గు రైలు వైపు వస్తుంది.

మొదటి ప్రశ్న: మీ టెర్మినల్ నుంచి పోర్టుకు వారానికి ఎన్ని రైళ్లు? రోజూ ఉంటే ఒకటి తప్పినా పోయేది ఒక రోజే. వారానికి రెండే అయితే ఒక రైలు తప్పితే మూడు నాలుగు రోజులు పోతాయి, దాంతో ఓడ కూడా పోవచ్చు.

రెండోది: రైలు పట్టా పోర్టు టెర్మినల్ లోపలికి వెళ్తుందా, బయటే ఆగుతుందా? బయట ఆగితే పెట్టెను మళ్లీ లారీ ఎక్కించి లోపలికి చేర్చాలి. ఆ చిన్న దూరానికి కూడా ఒక రోజు లెక్కలో వేసుకోవాలి, ఎందుకంటే నగరం మధ్య ఉన్న పోర్టుల్లో అసలు రద్దీ అక్కడే. లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ పోర్టుల కోసం 2002లో తెరిచిన అలమీడా కారిడార్ ఈ బాధ తీర్చడానికే కట్టారు. మొత్తం దాదాపు 32 కిలోమీటర్లు, అందులో సగం నేలమట్టానికి దిగువన కందకంలో నడుస్తుంది. నగరంలో రైలు గేట్ల దగ్గర ఆగే పని లేకుండా చేసింది.

మూడోది: ఖాళీ పెట్టె ఎక్కడ దొరుకుతుంది? మీ షిప్పింగ్ లైన్‌కు లోతట్టు టెర్మినల్లోనే ఎంప్టీ డిపో ఉంటే మంచిదే. లేకపోతే పోర్టు నుంచి ఖాళీ పెట్టెను తెచ్చుకోవాలి, ఆ ప్రయాణం ఖర్చూ మీదే. చాలామంది కొటేషన్లు పోల్చేటప్పుడు ఈ పద్దు మర్చిపోతారు.

(బొగ్గు, ఖనిజం, ఎరువు, ధాన్యం లాంటివి పూర్తి ర్యాకులో పోయే సరుకులు. వాటి లెక్కలు వేరు. ఇక్కడి మాటలన్నీ కంటైనర్ గురించే.)

తేదీలు వెనక నుంచి లెక్కపెట్టండి

ఓడ బయల్దేరే రోజు నుంచి కాదు, పోర్టు కటాఫ్ (ఆ ఓడకు పెట్టెను తీసుకునే ఆఖరి గడువు) నుంచి వెనక్కి రండి. ఉదాహరణకు కటాఫ్ గురువారం సాయంత్రం 6 గంటలు, రైలు ప్రయాణం 18 గంటలు అనుకుందాం.

- బుధవారం ఉదయం 6: రైలు పోర్టుకు చేరాలి. కటాఫ్‌కు 36 గంటల వ్యవధి ఉంటుంది. ఎక్కువ అనిపిస్తుంది కానీ, లైన్ ఖాళీ లేక రైలు బయటే నిలబడటం, క్రేన్ షిఫ్టు మారడం, పెట్టె రైలు బ్లాకు నుంచి ఎగుమతి బ్లాకుకు కదలడం అన్నీ ఇందులోనే జరగాలి.
- మంగళవారం మధ్యాహ్నం 12: లోతట్టు టెర్మినల్లో రైలు బయల్దేరుతుంది.
- మంగళవారం ఉదయం 6: ఆ టెర్మినల్ సొంత కటాఫ్. దీని తర్వాత గేటు లోపలికి వచ్చిన పెట్టె ఈ రైలు లిస్టులో ఉండదు. ఎన్ని గంటల ముందన్నది టెర్మినల్‌ను బట్టి మారుతుంది, రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.
- సోమవారం: స్టఫింగ్ (పెట్టెలో సరుకు నింపడం), తూకం, సీల్, కస్టమ్స్.
- శనివారం: ఖాళీ పెట్టె తీసుకోవడం. పాడైన పెట్టె వస్తే మార్చుకోవడానికి ఆదివారం చేతిలో ఉంటుంది.

దీని మీద రెండు జాగ్రత్తలు. కటాఫ్ అనేది ఒకటి కాదు. పెట్టెకు ఒకటి, బరువు ప్రకటనకు ఒకటి, షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్లకు (సరుకు వివరాలతో షిప్పింగ్ లైన్‌కు ఇచ్చే కాగితం) ఒకటి ఉంటాయి. కాగితాల గడువులు చాలాసార్లు పెట్టె గడువు కంటే ముందే ముగుస్తాయి. పెట్టె పోర్టులో ఉండి కూడా ఓడ ఎక్కకుండా మిగిలిపోయే సందర్భాలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

ఇక రెండోది. కటాఫ్‌కు సరిగ్గా అందే చివరి రైలును ఎంచుకోకండి, దాని ముందు రైలు పట్టుకోండి. అలాగని మరీ ముందు రైలూ వద్దు. చాలా పోర్టులు ఒక్కో ఓడకు పెట్టెలు తీసుకోవడం ఫలానా తేదీ నుంచే మొదలుపెడతాయి. అంతకు ముందే చేరితే స్టోరేజీ చార్జి పడుతుంది, లేదా బయల్దేరే చోటే రైలు ఎక్కించరు. ఓడ రాక తేదీ జరిగితే పెట్టెలు తీసుకునే ఈ తేదీలూ జరుగుతాయి. కాబట్టి రైలు బయల్దేరే ముందు రోజు మళ్లీ ఒకసారి చూడండి.

బరువు: ఎక్కువ తగాదాలు ఇక్కడే

ఒక్కో పెట్టెకు మూడు రకాల బరువు పరిమితులు ఉంటాయి. పెట్టె తట్టుకునే గరిష్ఠ బరువు తలుపు మీద రాసి ఉంటుంది. చాలా పెట్టెలకు అది 30,480 కిలోలు. రోడ్డు మీద లారీకి అనుమతించే బరువు దేశాన్ని బట్టి మారుతుంది, సాధారణంగా అంతకంటే తక్కువే. మూడోది వ్యాగన్ మోసే బరువు. కొత్తవాళ్లు దీన్ని పట్టించుకోరు.

ఒక లెక్క చూడండి. 20 అడుగుల పెట్టెలో 1.2 మీటర్లు × 1 మీటరు ప్యాలెట్లు పది పడతాయి. ఒక్కోటి 2,150 కిలోలు అనుకుంటే సరుకు 21,500. పెట్టె సొంత బరువు 2,280. చెక్క దిమ్మలు, బెల్టులు 120. మొత్తం 23,900 కిలోలు. ఇలాంటివి మూడు పెట్టెలు, అన్నీ ఒకే 60 అడుగుల వ్యాగన్ మీద పెడదామనుకున్నారు. పొడవు సరిపోతుంది. కానీ యాక్సిల్ (చక్రాల ఇరుసు) బరువు పరిమితి 22.5 టన్నులు ఉన్న రైలు లైన్‌లో నాలుగు యాక్సిళ్ల వ్యాగన్ మొత్తం 90 టన్నులే ఉండాలి. వ్యాగన్ బరువు సుమారు 20 టన్నులు పోగా మిగిలేది 70. మీ మూడు పెట్టెలూ కలిపి 71.7. కాబట్టి మూడోది కిందే ఉండిపోతుంది. అదే 25 టన్నుల లైన్ అయితే మూడూ హాయిగా వెళ్తాయి. అందుకే బుక్ చేసేటప్పుడు పెట్టెల సంఖ్యతో పాటు ఒక్కోదాని నిజమైన స్థూల బరువు కూడా ఇవ్వండి. టెర్మినల్ వాళ్లు బరువైన పెట్టెల పక్కన తేలికవి వేసి వ్యాగన్లు సర్దుకుంటారు. ‘సుమారు 20 టన్నులు’ అని రాస్తే ఆ సర్దుబాటు చెడి, వేబ్రిడ్జి మీద నిజం బయటపడ్డాక మీ పెట్టె దిగిపోతుంది.

తూకం వేసిన స్థూల బరువును, అంటే వీజీఎంను, ప్రకటించడం షిప్పర్ బాధ్యత. సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ సోలాస్ ఒప్పందంలో ఈ నిబంధన 2016 జూలై 1 నుంచి అమల్లో ఉంది. రెండు పద్ధతులకే అనుమతి. ఒకటి, నింపి మూసిన పెట్టెను మొత్తంగా తూచడం. రెండోది, ప్రతి ప్యాకేజీని, ప్యాలెట్‌ను, దిమ్మలను, బెల్టులను తూచి, దానికి తలుపు మీద రాసిన ఖాళీ బరువు కలపడం. ఇన్‌వాయిస్ మీది నికర బరువుకు అటూ ఇటూగా ఏదో కలిపి రాయడం రెండింట్లో ఏదీ కాదు. లారీతో సహా తూచినప్పుడు లారీ బరువు, ట్యాంకులో డీజిల్ తీసివేయడం మర్చిపోకండి. ఆ తేడా వందల కిలోల్లో ఉంటుంది. వీజీఎం లేని పెట్టెను ఓడ ఎక్కించరు.

మొత్తం బరువు సరిపోయినా, లోపల అది ఎటు మొగ్గిందన్నది వేరే సమస్య. పెట్టె పొడవులో ఏ సగంలోనూ 60 శాతానికి మించి బరువు ఉండకూడదన్నది వాడుక సూత్రం. అంతర్జాతీయ సంస్థలైన ఐఎంఓ, ఐఎల్‌ఓ, యూఎన్‌ఈసీఈ కలిసి తెచ్చిన 2014 నాటి సీటీయూ కోడ్ (కంటైనర్లలో సరుకు సర్దే పద్ధతుల నియమావళి) ప్రకారం గురుత్వ కేంద్రం మధ్య నుంచి లోపలి పొడవులో 5 శాతానికి మించి జరగకూడదు. అంటే 20 అడుగుల పెట్టెలో సుమారు 30 సెంటీమీటర్లు, 40 అడుగుల దాంట్లో 60. ఎడమ కుడి వైపులూ అంతే ముఖ్యం. బరువు ఒక పక్కకు మొగ్గితే రెండో పక్క చక్రాల మీద భారం తగ్గుతుంది. పట్టా కాస్త మెలి తిరిగిన చోట ఆ చక్రం పట్టా ఎక్కేస్తుంది. 2013 అక్టోబర్‌లో లండన్‌లోని క్యామ్‌డెన్ రోడ్ దగ్గర కంటైనర్ రైలు పట్టాలు తప్పడానికి కారణం సరుకు సమంగా లేకపోవడం, పట్టా మెలి, రెండూ కలవడమే.

పెట్టె చూసుకోవడం, నింపడం

ఖాళీ పెట్టె చేతికి రాగానే లోపలికి వెళ్లి తలుపులు మూయించండి. ఎక్కడైనా వెలుతురు సూది మొనంత కనిపించినా ఆ పెట్టె వెనక్కి. బయటికి వచ్చి పెట్టె అడుగున నాలుగు మూలల్లో ఉండే క్యాస్టింగులు (రంధ్రాలున్న లోహపు దిమ్మలు) చూడండి. వ్యాగన్ మీది పిన్నులు వాటి రంధ్రాల్లోనే కూర్చోవాలి. చిట్లినా, వంగినా రైలు టెర్మినల్ తీసుకోదు. లారీ వాళ్లు దీన్ని అంతగా పట్టించుకోరు కాబట్టి డిపో నుంచి అలాంటి పెట్టెలు రావడం మామూలే. పెట్టె అడుగు క్యాస్టింగుల కంటే కిందికి వేలాడుతున్నా ఇదే చిక్కు. సీఎస్‌సీ ప్లేట్ (పెట్టె భద్రతకు ఆమోదం తెలిపే పలక) మీద తనిఖీ తేదీ దాటలేదని, లేదా నిరంతర తనిఖీ గుర్తు ఉందని చూడండి. పాత ప్రమాదకర సరుకు స్టిక్కర్లు మిగిలితే పీకేయండి. లేకపోతే యార్డులో ఎవరో ఒకరు ఆపేస్తారు.

నింపే ముందు పెట్టె మీద ఏ దిశలో ఎంత బలం పడుతుందో తెలిసి ఉండాలి. సీటీయూ కోడ్ లెక్కలో గట్టి బ్రేక్ వేసిన లారీలో సరుకు ముందుకు తన బరువులో 0.8 వంతు బలంతో తోసుకొస్తుంది. రైల్లో పొడవు దిశలో అది 0.5 వంతు, కానీ ముందుకీ వెనక్కీ రెండు వైపులా. పైగా షంటింగ్‌లో (యార్డులో వ్యాగన్లను కలిపి విడదీసేటప్పుడు) క్షణకాలం తగిలే దెబ్బ 1.0 దాకా పోవచ్చు. సముద్రం మీద అసలు పరీక్ష పక్కలకు, అక్కడ 0.8 వరకు. లారీకి మాత్రమే చాలేలా ముందు వైపు ఆనించి, తలుపు వైపు వదిలేసిన సరుకు రైల్లో తలుపు మీదికి జారుతుంది. గమ్యంలో తలుపు తెరిచినవాడి మీద పడేది అదే.

పెట్టె గోడలను నమ్ముకోవచ్చు, కానీ హద్దులోనే. చివరి గోడలను పేలోడ్‌లో (పెట్టె మోయగల సరుకు బరువులో) 0.4 వంతుకు, పక్క గోడలను 0.6 వంతుకు పరీక్షిస్తారు, అదీ భారం గోడంతా సమంగా పరుచుకుంటేనే. ఒక యంత్రం కాలు గోడలో ఒక్క చోట గుచ్చుకుంటే ఈ లెక్క పనికిరాదు. అలాంటి చోట అడ్డంగా చెక్క దూలం వేసి భారాన్ని మూల స్తంభాల మీదికి పంచండి. ప్యాలెట్ల మధ్య ఖాళీలన్నీ కలిపి ఏ దిశలోనూ 15 సెంటీమీటర్లు దాటనివ్వకండి. దాటితే గాలి సంచులతోనో చెక్కతోనో నింపండి. గాలి సంచిని తలుపుకు ఆనించి పెట్టొద్దు. తెరిచేటప్పుడు అది తలుపును విసిరికొడుతుంది. నేల నున్నగా ఉంటే ప్యాలెట్ల కింద రబ్బరు యాంటీ స్లిప్ మ్యాట్లు వేయండి. ఖర్చు తక్కువ, పని ఎక్కువ.

వాడే చెక్క విదేశాలకు పోయేదైతే ఐఎస్‌పీఎం 15 ముద్ర (చెక్కలో పురుగులు లేకుండా శుద్ధి చేశారన్న గుర్తు) ఉండాలి. వేడి చేసే పద్ధతిలో చెక్క లోపలి మధ్యభాగం దాకా 56 డిగ్రీల సెల్సియస్, కనీసం 30 నిమిషాలు. పచ్చి చెక్క వాడితే దానిలోని తేమే ప్రయాణంలో ఆవిరై పైకప్పుకు పట్టి సరుకు మీద చినుకుల్లా రాలుతుంది. తరవాత పెట్టె కారిందని అందరూ షిప్పింగ్ లైన్‌ను తిడతారు.

సీల్, నంబరు

ఐఎస్‌ఓ 17712 ప్రకారం హై సెక్యూరిటీ బోల్ట్ సీల్ వాడండి. నంబరును స్టఫింగ్ షీట్లో, రైలు కన్‌సైన్‌మెంట్ నోట్‌లో, షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్‌లో ఒకేలా రాయండి. పెట్టె నంబరులో నాలుగు అక్షరాల తర్వాత ఆరు అంకెలు, ఆపైన గడిలో ఒక తనిఖీ అంకె ఉంటాయి. రెండు అంకెలు తారుమారైతే చాలా సందర్భాల్లో ఆ చివరి అంకె లెక్క కుదరదు, గేటు కంప్యూటర్ ఒప్పుకోదు. అందుకే నంబరును ఫోన్లో చెప్పించుకుని రాసుకోవద్దు, ఫోటో చూసి కొట్టండి. మూసిన తలుపు, సీల్ దగ్గరగా, నాలుగు పక్కలు: ఆ ఫోటోలు తర్వాత క్లెయిమ్‌లో కాగితాలకంటే ఎక్కువ పని చేస్తాయి.

వ్యాగన్ మీద రెండు 20 అడుగుల పెట్టెలు పెడితే తలుపులు ఎదురెదురుగా ఉండేలా వేయమని అడగండి. మధ్యలో ఆగినచోట దొంగలకు తెరవడానికి సందు దొరకదు.

ఇవైతే ముందే చెప్పాలి

హై క్యూబ్ పెట్టె ఎత్తు 2.896 మీటర్లు, మామూలు దానికంటే సుమారు 30 సెంటీమీటర్లు ఎక్కువ. పాత సొరంగాలు, వంతెనలు ఉన్న దారుల్లో దానికి తక్కువ ఎత్తు వ్యాగన్ కావాలి. అది దొరికిన రోజే ప్రయాణం. రీఫర్‌కు (శీతల కంటైనర్‌కు) చాలా రైళ్లలో కరెంటు ఉండదు, జెన్‌సెట్ (జనరేటర్) ఏర్పాటు ఉందో లేదో, రైలు దారిలో ఆగిపోతే ఇంధనం ఎన్ని గంటలకు సరిపోతుందో తేల్చుకోకుండా నింపకండి. ప్రమాదకర సరుకుకు సముద్రం నియమాలు ఐఎండీజీ కోడ్‌లో, రైలు నియమాలు వేరే చోట ఉంటాయి. ఒకదానికి సరిపోయిందని రెండోదానికి సరిపోదు, రెంటినీ చూడాలి. ప్లకార్డులు కనీసం 25 × 25 సెంటీమీటర్లు, నాలుగు వైపులా.

ఖాళీ పెట్టెలను రైల్లో తిప్పుతుంటే గాలిని తేలిగ్గా తీసుకోవద్దు. చాలా వ్యాగన్లలో పెట్టెను పట్టి ఉంచేది బిగించే తాళం కాదు, మొలలా నిలబడే పిన్ను. కింద ఉంచేది పెట్టె బరువే. 2008 మార్చి 1న బ్రిటన్‌లో చెడింగ్టన్, హార్డెన్‌డేల్ దగ్గర బలమైన గాలికి రైళ్ల మీది ఖాళీ పెట్టెలు ఎగిరి పడ్డాయి. తలుపులు మూసి గొళ్లేలు వేయించండి, తుఫాను హెచ్చరిక ఉంటే ఆ రైలు వదులుకోండి.

దిగుమతి: ఓడ రాకముందే మొదలుపెట్టాలి

దిగుమతిలో మొదటి పని బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు తీసుకున్నట్టు షిప్పింగ్ లైన్ ఇచ్చే పత్రం) చూడటం. అందులో డెలివరీ స్థలం లోతట్టు టెర్మినల్ అని ఉంటే రైలు ఏర్పాటు షిప్పింగ్ లైన్‌దే. పోర్టు పేరే ఉంటే అక్కడి నుంచి అంతా మీదే. ఓడ దారిలో ఉండగా దీన్ని మార్పించుకోవచ్చు. దిగాక మార్చాలంటే సమయం, డబ్బు రెండూ పోతాయి.

రెండోది, పెట్టె రైల్లో పోతుందని పోర్టుకు ఓడ రాకముందే తెలియాలి. తెలిస్తే దించగానే రైలు బ్లాకులో పెడతారు. లేకపోతే లారీల వరుసలో, నాలుగైదు పెట్టెల కింద పడుతుంది. దాన్ని తవ్వి తీయడానికి ఒక షిఫ్టు, దానికో చార్జి. ఈలోగా రైలు పోతుంది.

రైలు ఎక్కాలంటే మూడు విడుదలలు ఒకే సమయానికి రావాలి: లైన్ నుంచి డెలివరీ ఆర్డర్ లేదా విడుదల కోడ్, కస్టమ్స్ క్లియరెన్స్ లేదా లోతట్టుకు తీసుకెళ్లే ట్రాన్సిట్ అనుమతి, రైలు బుకింగ్. ఏ ఒక్కటి ఆలస్యమైనా మిగతా రెండూ వృథా. వీటిలో ఎక్కువగా ఆలస్యమయ్యేది మొదటిది, కారణం దాదాపు ఎప్పుడూ ఈ రెండింట్లో ఒకటే: అసలు బిల్ ఆఫ్ లేడింగ్ లైన్ చేతికి అందకపోవడం, లేదా చెల్లించాల్సిన సొమ్ము బాకీ ఉండటం.

డబ్బు లెక్కలో మూడు గడియారాలు నడుస్తుంటాయి. నిండు పెట్టె పోర్టులో ఉచిత రోజులు దాటితే లైన్‌కు డెమరేజ్. స్థలానికి టెర్మినల్ వసూలు చేసే స్టోరేజీ దానికి వేరు. పెట్టె బయటికి వచ్చాక ఖాళీగా తిరిగి ఇచ్చేదాకా డిటెన్షన్. రైలు ప్రయాణం, లోతట్టు టెర్మినల్లో ఎదురుచూపు డిటెన్షన్ రోజుల్లోకి వస్తాయా రావా అన్నది ఒప్పందంలోనే తేల్చుకోండి. రైలు వారానికి రెండే అయితే లారీ వాళ్లకు సరిపోయే ఉచిత రోజులు మీకు సరిపోవు. రేటు మాట్లాడేటప్పుడే అదనపు రోజులు అడగండి, తర్వాత ఎవరూ ఇవ్వరు.

లోతట్టు టెర్మినల్లో పెట్టె తీసుకునేటప్పుడు సీల్ నంబరు పోల్చి, సొట్టలు, చిరుగులు ఉంటే ఇంటర్‌చేంజ్ రసీదు మీద అక్కడే రాయించండి. నష్టం ఏ దశలో జరిగిందో తేలడం మీద చాలా ఆధారపడి ఉంటుంది. హేగ్-విస్బీ నియమాలు వర్తించే సముద్ర దశలో వాహకుడి బాధ్యత కిలోకు 2 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల యూనిట్) లేదా ప్యాకేజీకి 666.67 ఎస్‌డీఆర్, ఏది ఎక్కువైతే అది. సీఐఎం నియమాలు వర్తించే అంతర్జాతీయ రైలు దశలో కిలోకు 17 ఎస్‌డీఆర్. పైకి కనిపించని నష్టానికి రాతపూర్వక నోటీసు మొదటిదానిలో 3 రోజుల్లో, రెండోదానిలో 7 రోజుల్లో ఇవ్వాలి. ఒకే పెట్టె, ఒకే నష్టం, రెండు వేర్వేరు లెక్కలు. ఏ దశలో జరిగిందో తెలియకపోతే చిన్న గడువునే పట్టుకోండి.

సరుకు దించాక పెట్టె ఊడ్చి, మేకులు, బెల్టులు, మీరు అంటించిన ప్లకార్డులు తీసేయండి. ఖాళీ ఎక్కడ అప్పగించాలో లైన్ నుంచి తాజాగా రాయించుకోండి, డిపో నిండితే చోటు మారుస్తుంటారు. పోర్టులోనే ఇవ్వమంటే తిరుగు రైలులో స్థలం, నిండు పెట్టె తెచ్చేటప్పుడే బుక్ చేసి ఉంచాలి. డిపో గేటులో ఇచ్చే రసీదు మీద తేదీ, సమయం ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి, డిటెన్షన్ బిల్లు వచ్చినప్పుడు చూపించాల్సింది ఆ కాగితమే.